రెండో కుంచం

కాశీబుగ్గలో బస్సు దిగి, ఆటో మారి
పిట్టలకొండ మొదట్లో నిలబడ్డాం.
పైన కోట, కోటలో మ్యూజియం.
రెండొందల పద్నాలుగు మెట్లని బోర్డు.
మా అసిరమ్మ పెద్దమ్మ నూటతొంభై దగ్గరే పైకి చేరిపోయి
"రాసినోడు ఎక్కనేదురా,
కింద కూకొని రాసీసినాడు" అంది.

కొండ అంచున ఒకవైపు గోడే లేదు.
అక్కర్లేకపోయింది కాబోలు.
రాయి అక్కడ నిట్టనిలువునా దూకేసింది
జీడితోటల మీదకి.
తూర్పున సముద్రం, సన్నటి నీలం గీత.
పడమట మబ్బు కప్పుకుని మహేంద్రగిరి.
నడుమ హౌరా వైపు పోతున్న గూడ్సు,
అరవైమూడు పెట్టెలు లెక్కపెట్టాను.
ఇక్కడ కాపురమున్నవాడికి
ఏ కళ్లంలో ఏ కుప్ప ఎంత ఎత్తో
మంచం దిగకుండానే తెలిసుంటుంది.

పదిరూపాయల టిక్కెట్టు చింపి
దాలయ్య స్విచ్చి నొక్కాడు.
"ఎవులైనా వొస్తేనే ఏత్తానమ్మా, బిల్లు మరి."
ట్యూబులైటు మూడుసార్లు ఆలోచించి వెలిగింది.

ఒరల్లేని కత్తులు. కత్తుల్లేని ఒరలు.
పల్లకీ బొంగు మీద రెండుచోట్ల
కొయ్య అరిగి నున్నగా మెరుస్తోంది.
దొరగారు కొట్టిన పులికి
ఒక గాజుకన్ను రాలిపోయి
దూది చూస్తోంది మావైపు.
దొరసానిగారి అద్దం పొక్కిపోయింది,
పెద్దమ్మ మిగిలినంత మేరలోనే
ముక్కుపుడక సవరించుకుంది.

ఆఖరి గదిలో, కిటికీ పక్కన,
ఒక చెక్కపెట్టెకి గాజుమూత.
లోపల కార్డు:
కుంచం. ఇత్తడి. ధాన్యం కొలుచు పాత్ర.

నేను ముందుకెళ్లిపోయాను.
వెనక గాజుల చప్పుడు ఆగిపోతే తిరిగి చూశాను.
పెద్దమ్మ నేల మీద గొంతుక్కూచుని ఉంది
కుంచానికి ఎదురుగా.

"ఇది ఇచ్చీ కుంచమా? పుచ్చుకునీ కుంచమా?"

దాలయ్య కార్డు మళ్లీ చదివాడు.
"కుంచమేనమ్మా."

"కుంచమని నాకు తెల్దేటి? ఏ కుంచమని."

అప్పుడు చెప్పింది, మాకు కాదు, గాజుకి:
"కళ్లంలో మన గింజలు పుచ్చుకునీటప్పుడు ఒకటి తెచ్చీవోరు.
కరువొచ్చి ఇత్తనాలడిగితే ఇంకోటి.
పైకి రెండూ అక్కసెల్లెళ్లే.
ఒకదాని కడుపులో మైనం.
మాయమ్మమ్మ ఒకపాలి వేలెట్టి సూసింది,
గోట్లోకి వొచ్చింది మైనం.
నోరెత్తనేదు. ఇంటికొచ్చి
బుడ్డిదీపం మీద ఆ గోరెట్టింది.
ఇదిగో సూడు, అని మా తాతకి.
గోరు ఎలిగిందంట."

నా చిన్నప్పుడు ఈ కథలో గోరు లేదు.
తాతే వేలు పెట్టాడు, తాతకే దెబ్బలు తగిలాయి.
ఏది నిజమో నాకు తెలీదు,
అడగడానికి ఇప్పుడు పెద్దమ్మ తప్ప ఎవరూ లేరు,
పెద్దమ్మని అడగడానికి నాకు ధైర్యం లేదు.

"మూత తియ్యి బాబూ, అడుగు సూస్తాను."
"తాళం ఆఫీసరు గోరి దగ్గిర, సీకాకుళంలో."
ఆవిడ గాజుకి నుదురానించింది.
ఊపిరికి గాజు మసకేసింది, కొంగుతో తుడిచింది,
మళ్లీ మసకేసింది.
లోపల కుంచం తన నోట్లో చీకటిని
అంచుదాకా నింపుకుని కూర్చుంది.

"రెండోది ఏదీ?"
దాలయ్య పాపం, రిజిస్టరు తెచ్చి
వేలుతో వరసలు వెతికాడు.
"ఒకటే వొచ్చిందమ్మా."
"ఒకటే ఎలాగొస్తాది? జంట కదా."
మేం వెళ్లేదాకా అతను
ఆ పుట మూయలేదు.

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు ఎవరూ.
కింద తాటాకు పందిరిలో
నూకాలమ్మ అనే పిల్ల జీడిపప్పు అమ్ముతోంది.
బద్దలు ఒక ధర, గుండ్లు ఒక ధర.
"పావుకేజీ గుండ్లు" అన్నాను.
ఆ పిల్ల గుప్పెడు తీసి
ఎలక్ట్రానిక్ కాటా మీద పొయ్యబోతోంది.

పెద్దమ్మ చెయ్యి అడ్డుపెట్టింది.
"ముందు సున్నా సూపించు."

పిల్ల ఏమీ అనుకోలేదు.
పళ్లెం తుడిచి, ఎండ పడకుండా
అంకెల మీద అరచెయ్యి గొడుగు పట్టింది.
ఎర్రగీతలు కాస్త వణికి
సున్నా దగ్గర ఆగాయి.

పెద్దమ్మ ఇంకాసేపు చూసింది.